రాగి పెట్టెలో నీడ

నేను చదివి వినిపించే రోజుల్లో మా కాంపౌండ్‌లో అందరి చేతులూ నల్లగా ఉండేవి. లాల్‌దర్వాజా గుడి వెనక సందులో, ఒకే మంచినీళ్ళ నల్లా చుట్టూ నాలుగు వాటాలు. మగవాళ్ళు డ్యూటీలకు పోయాక ఆడవాళ్ళు పీటలు ముందేసుకుని అగరుబత్తులు చుట్టేవాళ్ళు. బొగ్గుపొడి, జిగురు కలిపిన ముద్దను పుల్ల మీద అరచేత్తో దొర్లిస్తుంటే మోచేతుల దాకా మసి అయ్యేది. ఆ చేతులతో పుస్తకం ముట్టుకుంటే ఇంకేముంది! అందుకని చదువు వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ కలిపి నేనే చదివి పెట్టేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్లకు అంతకంటే పెద్ద పదవి ఏం కావాలి?

డెబ్బైల చివరి మాట ఇది. మా బాపు పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరో కొనే వారపత్రిక, వాళ్ళింట్లో అందరూ చదవడం అయ్యాక, శుక్రవారం బాపు సంచిలో మా ఇంటికి వచ్చేది. శనివారం ఒంటిపూట బడి. అన్నం తినీ తినకుండానే పెద్దమ్మలూ చిన్నమ్మలూ కేకేసేవాళ్ళు. "రావే పిల్లా, గా దయ్యం ఏం చేసిండో చెప్పు."

అది దయ్యం కాదు, యక్షుడు. వాళ్ళకు రెండూ ఒకటే. పాడుబడ్డ కోటలో నిధికి కాపలా కాసే యక్షుడు. తనను మంత్రంతో అక్కడ కట్టేసిన వాడి మనవరాలు తెలియక ఆ కోటకే వస్తుంది. పగ తీర్చుకోవడానికి అతను ఆమె నీడను కోసి రాగి పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. నీడ లేని మనిషి కోట గుమ్మం దాటలేదు. మొదట్లో ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పదో వారానికి ఆమె తిట్లు తగ్గాయి. ఇరవయ్యో వారానికి అతనికి జ్వరం వస్తే ఆమె రాత్రంతా కూర్చుంది. యక్షులకు జ్వరం వస్తుందా అని మేమెవరం అడగలేదు.

ఆ యక్షుడంటే నాకు పిచ్చి. దాచడమెందుకు? అతను కళ్ళెర్రజేస్తే నాకు ఒళ్ళు ఝల్లుమనేది. "నిన్ను కదలనివ్వను" అంటే ఆ వాక్యం నోటు పుస్తకం వెనక రాసుకున్నాను. అదే మాట మా లెక్కల సారు అంటే ఏడ్చి ఇంటికి వచ్చేదాన్ని.

ఒక చిక్కు ఉండేది. ఆ పత్రిక తెలుగు మా తెలుగు కాదు. "గిదేం తెలుగే, సగం సమజైతలేదు" అని వాళ్ళు ఆపేవాళ్ళు. నేను వాక్యం చదివి, దాన్ని మా మాటల్లోకి మార్చి చెప్పేదాన్ని. ఎక్కడ చదవడం ఆగేదో, ఎక్కడ చెప్పడం మొదలయ్యేదో వినేవాళ్ళకు తెలిసేది కాదు. పోను పోను నాకూ తెలిసేది కాదు. ఒక వారం "ఆమె హృదయం అతనికి వశమైంది" అని వచ్చింది.

"వశమంటే ఏంది?" అని అక్క అడిగింది.

నాకు సరిగ్గా తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. "పాయిరమక్కా. పాయిరమైందన్నట్టు" అన్నాను. ప్రేమను మా వైపు అట్లాగే అంటారు.

అక్క అంటే సొంత అక్క కాదు. నల్లా పక్క వాటాలో ఉండే పెద్దమ్మ కూతురు. గౌలిపురలో పాలవ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు. ఆ ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం గౌలిపుర నుంచి లాల్‌దర్వాజా దాకా వట్టి కాళ్ళతో నడిచి వచ్చింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పెద్దమ్మ పసుపు రాస్తూ, కొట్టిండా అని అడిగింది.

"కొట్టలేదమ్మా. కొడితే దెబ్బ చూపెడుతుంటి. గిది ఏం చూపెట్టాలె?"

విషయం ఇదీ. బావ పొద్దున్నే క్యాన్లు కట్టుకుని పాలు పోయడానికి పోతూ అక్క చెప్పులు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. తలుపుకు తాళం వేస్తే నలుగురూ చూస్తారు. చెప్పులు లేని ఆడది గల్లీ దాటదని అతని లెక్క. నిజంగానే రెండేళ్ళు దాటలేదు. సాయంత్రం వచ్చి మల్లెపూలు ఇచ్చేవాడు, కోవా తెచ్చేవాడు. "నువ్వు కనవడకపోతే నా పానం ఆగదు" అనేవాడు.

మా కాంపౌండ్ పంచాయితీ ఒక్క పూటలో తేలిపోయింది. "మస్తు పాయిరమున్నోడే గట్ల చేస్తడు" అంది ఒకావిడ. "తాగడు, కొట్టడు, ఇంకేం గావాలె?" అంది మా అమ్మ. పెద్దమ్మా పొమ్మనే అంది. అప్పటికే ఆమెకు ఆయాసం. ఇంకా పెళ్ళి కావలసిన చిన్న కూతురుంది. ఆషాఢం బోనాలలోపు పెద్దదాన్ని అత్తగారింటికి పంపకపోతే వచ్చే చుట్టాలందరికీ జవాబు చెప్పాలని ఆమె ఫికర్. బావ ప్రతి ఆదివారం వచ్చి కాంపౌండ్ తలుపు దగ్గర నిలబడి పోయేవాడు. లోపలికి రాడు, లొల్లి చేయడు. అక్క పరదా వెనక నుంచి చూసేది, బయటికి వచ్చేది కాదు. పోవడమా, ఉండిపోవడమా? అది ఆమే తేల్చుకోవాలని ఎవరూ అనలేదు. కానీ అందరూ ఆమె ముఖమే చూస్తూ ఉండేవాళ్ళు.

ఇనప్పెట్టె, రాగి పెట్టె. ఈ పోలిక నాకు అప్పుడు తట్టలేదంటే అబద్ధం. తట్టింది, పైగా సంబరపడ్డాను. మా గల్లీలోనే సీరియల్ నడుస్తోందని నాకు గర్వంగా కూడా ఉండేది. అక్క పుల్లలు చుడుతూ తల ఎత్తకుండా వినేది. పెట్టె సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగేది.

ఆఖరి భాగం, బోనాలు ఇంకో వారం ఉన్నాయనగా, శుక్రవారం వచ్చింది. నేను ముందుగా ఒక్కదాన్నే మేడమెట్ల మీద కూర్చుని చదివాను. చదివి కోపంతో పత్రిక విసిరికొట్టాను. యక్షుడు ఆమెను పెళ్ళాడమంటాడు. ఆమె తన నీడ తనకిమ్మంటుంది. "నన్ను ప్రేమిస్తున్నావు కదా, ఇక నీడతో పనేముంది?" అంటాడు. "నీడ నా దగ్గర ఉండి కూడా నేను ఇక్కడే ఉంటే అది ప్రేమ. లేకుండా ఉంటే వశం" అంటుంది ఆమె. తనే పెట్టె పగలగొట్టి, నీడను కాళ్ళకు తగిలించుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోతుంది. యక్షుడు కోటలో మిగిలిపోతాడు. అంతే, సమాప్తం.

ముప్ఫై వారాలు నన్ను ఆశపెట్టి ఇట్లా చేస్తారా? ఆ రాసిన మనిషి ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. నా యక్షుణ్ణి అట్లా ఒంటరిగా వదిలేయడం నా వల్ల కాలేదు.

శనివారం అందరూ కూర్చున్నారు. చేతులు నల్లగా ఉన్నాయి, పుస్తకం నా ఒళ్ళో ఉంది. కళ్ళు అక్షరాల మీదే పెట్టాను. నోటితో ఇంకో కథ చెప్పాను. ఆమె పెట్టె తెరిచి నీడను చూసి, మళ్ళీ మూత పెట్టి, తాళంచెవి యక్షుడి చేతికే ఇచ్చిందని చెప్పాను. "ఇక నా నీడ నీ దగ్గరే ఉండనీ" అందని చెప్పాను. ఆ మాట వినగానే రాయిలాంటి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని కూడా కలిపాను. ఎక్కడా తడబడలేదు. మా అమ్మ ముక్కు చీదింది. ఒకావిడ "ఎంతైనా మొగోడు కరిగిండు" అంది.

అక్క పీట మీద చెయ్యి అట్లాగే ఉంచి అడిగింది. "నిజంగనే తాళంచెవి ఇచ్చిందా?"

"ఇచ్చిందక్కా."

"పోనే పోలేదా?"

"పోలేదు."

"గట్లనా" అని మళ్ళీ పుల్ల తీసుకుంది.

మర్నాడు ఆదివారం బావ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. చేతిసంచిలో నుంచి అక్క చెప్పులు తీసి గడప ముందు జతగా పెట్టాడు. కాంపౌండ్ అంతా ఒక్కసారి నిట్టూర్చింది. "మొగడు పెండ్లాం చెప్పులు మోసుకొచ్చిండు, ఎవలింట్లనన్న ఉంటదా గిసొంటిది?" అన్నారు. అక్క కాసేపు వాటిని చూసి, కాళ్ళు పెట్టి, అతని వెనక నడిచింది. గర్వంతో నాకు కళ్ళు నిండాయి. నా ముగింపు కళ్ళ ముందు నడిచి పోతుంటే చూశాను మరి.

బోనాల నాడు ఒకావిడకు పూనకం వచ్చింది. గల్లీ మగవాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడి, ఆమె కసిరినా పడ్డారు. మా దగ్గర ఆడదాని మాట చెల్లాలంటే ఒంట్లోకి అమ్మవారే దిగాలి. అక్క ఆ పండక్కి రాలేదు.

ఆ తర్వాతి శ్రావణంలో అమ్మ నన్ను గౌలిపురకు పేరంటం పిలవడానికి పంపింది. అక్క గుమ్మం దాకా వచ్చి లోపలే ఆగిపోయింది. బొట్టు పెడుతూ కిందికి చూశాను. బావ చెప్పులున్నాయి, వాళ్ళ అత్త చెప్పులున్నాయి. అక్కవి లేవు. "వస్తవా అక్కా?" అన్నాను. "చూద్దాం" అంది. ఇంటిదారి పట్టాను. అప్పటికి నాకు పదిహేను నిండాయి, యక్షుడి మీద మోజు ఆ దారిలోనే చచ్చింది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? గతంలో చదివిన ముక్క తప్పు చదివానని చెప్తే ఎవరు నమ్ముతారు, నమ్మితే నన్నేం చేస్తారు?

ఆ రోజుల్లో అందరిలాగే నేనూ పత్రికలోంచి సీరియల్ కాగితాలు చించి, పెళ్ళికార్డు అట్టలు వేసి, దబ్బనంతో కుట్టి పెట్టాను. ఆఖరి భాగంతో సహా. దొంగసాక్ష్యం చెప్పినదాన్నే, అసలు కాగితం దాచింది కూడా నేనే. ఎందుకు చించి పారేయలేదో ఇప్పటికీ తెలియదు. పెళ్ళయి యాకుత్‌పురాకు వెళ్ళిపోయేటప్పుడు అది అమ్మవాళ్ళ అటక మీదే ఉండిపోయింది.

ఆ బోనాలు జరిగిన పదేళ్ళకు నేను పుట్టింటికి వచ్చిన ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. పెద్దమ్మ అప్పటికే పోయింది. అక్క చేతిలో నేను కుట్టిన పుస్తకం ఉంది. మా అమ్మ ఏ పాపమూ ఎరగక, అక్క కూతురు చదువుకుంటానంటే అటక మీద నుంచి తీసి ఇచ్చిందట. అక్క చెప్పులు గడప బయట విడిచి, అవి కనిపించేటట్టు తలుపుకు ఎదురుగా కూర్చుంది. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"నా బిడ్డ బడికి పోతుంటే దాని పక్కన కూసోని నేను గూడ అక్షరాలు నేర్సిన. మూడేండ్లు పట్టింది" అంది అక్క. "ఇంట్ల ఉండేదాన్నే గద, టైముకేం తక్వ?"

నాకు అర్థమైపోయింది.

"గా ఆఖరి భాగం నువ్వు చదివినవా, అల్లినవా?"

"చిన్నదాన్నక్కా" అన్నాను. అదే నోటికి వచ్చింది.

"వశమంటే పాయిరమని చెప్పినవ్. బడి పుస్తకం ఎనకాల అర్థాలుంటయ్ గద, దాంట్ల చూసిన. లోబడుట అని ఉన్నది."

నేను తల దించుకుని అడిగాను. "నా కథ ఇని పోయినవా అక్కా?"

ఆమె నవ్వింది. "ఏం, అంత పెద్ద మనిషివా నువ్వు? కథ ఇని ఎవలన్న కాపురానికి పోతరా? అమ్మకు పానం బాగలేకుండె. చెల్లె పెండ్లి ముందటున్నది. పోక తప్పలే, పోయిన."

నా గుండెల మీంచి బండ దిగింది. పదేళ్ళుగా మోస్తున్న నేరం నాది కాదట. ఊపిరి పీల్చుకుని ముఖం ఎత్తాను. ఆ ఒక్క క్షణం నా మీద నాకే జాలి, ముద్దు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆమె చెప్పడం ఆపలేదు. "కానీ పొయ్యే ముందు అందరి మొఖాలు చూసిన. అమ్మ పొమ్మన్నది. మీ అమ్మ పొమ్మన్నది. కాంపౌండ్ మొత్తం పొమ్మన్నది. ఒక్కరన్న వద్దంటరేమో అని చెవులు పెట్టి ఇన్న. గా రాసినోళ్ళెవరో నాకు తెల్వదు, నేనెవరో ఆళ్ళకు తెల్వదు. ఆళ్ళొక్కరు వద్దన్నరు. గా ఒక్క నోరు నువ్వు మూసినవ్ గదే చెల్లె."

అమ్మ చాయ్ తెచ్చింది. అక్క సగం తాగి, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, గడప వైపు చూసింది. "బర్రెలు పిండే యాళ్ళయింది. నేను లేనిది చూస్తే మళ్ళ లొల్లి" అని లేచింది.

పోకు అక్కా, ఉండు అనాలి. ఈసారి ఏ పుస్తకమూ అడ్డం లేదు, నా సొంత నోరే. ఆమె చెప్పులు తొడుక్కుని సందు మలుపు తిరిగేదాకా ఆ మాట నాకు రాలేదు.