వెరోనికా తన మీద చేసుకున్న ఫిర్యాదు

మురుగు లైన్ల ఫిర్యాదు గదిలో పన్నెండేళ్లుగా ఫోన్ ఎత్తుతున్నాను. జనం ఎదుటివాళ్ల మీద ఎంత ఇష్టంగా ఫిర్యాదు చేస్తారో భిలాయిలో నాకంటే తెలిసినవాళ్లు లేరు. పక్కింటి కుళాయి, ఎదురింటి గేదె, వెనక వీధి హోటలు. తన మీద తానే ఫిర్యాదు చేసుకున్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆమె పేరు వెరోనికా.

ఆమె తండ్రి పలాస వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చినవాడు. సెక్టర్ 6 క్వార్టర్లోనే ఆమె పుట్టి పెరిగింది. పందొమ్మిదో ఏట గోపాలస్వామి గారి చిన్న తీగల కార్ఖానాలో చేరింది. తుప్పు పట్టిన ఇనుప తీగను అక్కడ ఆసిడ్ తొట్లలో ముంచి శుభ్రం చేస్తారు. ఇరవయ్యారేళ్లలో ఆ తొట్లకి ఆమే పెద్ద దిక్కయింది. ఆ నేలలో, ఊరి మురుగు లైన్లోకి పోయే కన్నం ఒకటుంది. దానికి రబ్బరు బిరడా బిగించి, రోజూ పొద్దున్నే మడమతో తొక్కి చూసేది. "దీదీకి మొగుడి కంటే బిరడా అంటేనే ప్రేమ" అని తోటివాళ్లు ఏడిపించేవారు. ఆసిడ్ మురుగులో కలిస్తే విషవాయువు పుడుతుందని, లోపల మనిషుంటే ప్రాణం పోతుందని వాళ్లకి నేర్పింది కూడా ఆమే.

అంత జాగ్రత్త గల మనిషి విశ్వకర్మ పూజ నాడు తప్పు చేసింది. ఆ రోజు భిలాయిలో ప్రతి కార్ఖానా కడిగి ముగ్గు పెట్టుకుంటుంది. చర్చికి వెళ్లే మనిషైనా ఆ పూజకి నేల కడగడం ఏటా వెరోనికా పనే. కడిగిన నీళ్లు పోవడానికి ఆమే బిరడా తీసింది. తోరణాల హడావిడిలో మళ్లీ పెట్టడం మరిచిపోయింది. తొమ్మిదిన్నరకి, వాడేసిన ఆసిడ్‌ను డ్రమ్ముల్లోకి తోడే పైపు ఊడింది. ఆమె పరుగెత్తి పంపు ఆపేలోపు రెండు వందల లీటర్లు కన్నంలోకి జారిపోయాయి.

"పూజ అవనీ వెరోనికమ్మా. పెద్దోలందరూ వస్తన్నారు. ఎవులికి తెలుస్తాది?" అన్నాడట గోపాలస్వామి. ఫోన్ చేస్తే రేపట్నుంచి పనిలోకి రావద్దని కూడా అన్నాడట.

"లైన్లో ఎవులైనా ఉంటే ఏటి సేస్తారు బాబూ?" అని ఆమె ఆయన ఎదుటే నాకు ఫోన్ చేసింది.

"తల్లీ, రాసుకో. ఆసిడ్, రెండొందల లీటర్లు. పది నిమిషాలు కూడా అవలేదు. సుపేలా ఏపు లైన్లోకి ఎల్లిపోనాది."

"ఎవరి మీద ఫిర్యాదు?" అలవాటు కొద్దీ అడిగాను.

"నా మీదే. బిరడా తీసింది నానే. నా పేరు తరవాత రాద్దువు గాని, ముందు లోపల మనుషులుంటే జల్దీ పైకి తీయించు."

ఆ పొద్దున ఒక కాంట్రాక్టరు మనుషులు సుపేలా బజార్లో పూడిపోయిన మ్యాన్‌హోల్ దగ్గర ఉన్నారని నాకు తెలుసు. మనిషిని లోపలికి దింపకూడదు. అయినా దింపుతారు, సిగ్గు లేదు వాళ్లకి. వాళ్ల మేస్త్రీ మనోజ్‌కుమార్ రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. అప్పటికే సుభాష్ అనే పనివాడు నడుముకి తాడు కట్టుకుని నిచ్చెన మీద మూడు మెట్లు దిగాడు. "సుభాష్! ఊపర్ ఆ! జల్దీ!" అన్న మనోజ్ కేక ఫోన్లో నాకూ వినపడింది. సుభాష్ పైకి ఎక్కేశాడు. పావుగంట తిరక్కుండా ఆ మ్యాన్‌హోల్లోంచి కుళ్లిన గుడ్ల కంపు లేచి, బజారు జనం ముక్కులు మూసుకుని పరుగులు పెట్టారు.

గోపాలస్వామి అన్నంత పనీ చేసి ఆమెని పనిలోంచి తీసేశాడు. ఆమె లేకుండా తొట్లు నడపడం చేతకాక, నాలుగో రోజున తనే కబురు పెట్టాడు. కన్నం సిమెంటుతో మూసేస్తేనే వస్తానంది. మూయించాడు. కడిగిన నీళ్లు కూడా ఇప్పుడు డ్రమ్ముల్లోకే తోడతారు. ఆమె అంటే నాకు చాలా గౌరవం. ఉద్యోగం పోతుందని తెలిసీ అలాంటి ఫోన్ నేను చేసేదాన్నో కాదో నాకు తెలియదు.

ఫోన్ చేసి బతికించింది ఆమేనని విని, ఆ ఆదివారం సుభాష్ తన భార్యనీ, చంటి కూతురినీ తీసుకుని మిఠాయి డబ్బాతో ఆమె ఇంటికి బయల్దేరాడు. దారి చూపడానికి నేనూ వెళ్లాను. అతను కాళ్లకి దండం పెట్టబోతే వెరోనికా చటుక్కున వెనక్కి జరిగింది. తెలుగు రానివాళ్లతో హిందీలో గలగలా మాట్లాడే మనిషికి ఆ క్షణాన తెలుగే వచ్చింది.

"నాకు దండమెట్టకు నాయనా. నిన్ను సంపబోయింది కూడా నానే."

సుభాష్‌కి తెలుగు రాదు. ఆమె ఏమందో చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను అతని చేతిలోని మిఠాయి డబ్బా అందుకుని ఆమె చేతిలో పెట్టాను.