ఆగే ఆట, ఉరికే ఆట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక మా అబ్బాయి టీవీలో కొత్త ఆట ఏదో పెట్టుకుని కూర్చున్నాడు. చందనవెల్లిలో ఉద్యోగం వాడికి. వారమంతా కంప్యూటర్ల ముందే పని, సెలవు రోజున మళ్ళీ తెర ముందుకే. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. తెర మీద ఒక కత్తివాడు ఎగురుతున్నాడు, దొర్లుతున్నాడు, ఊపిరి పీల్చుకునే సందు లేదు. వాడు కాసేపు ఆడి, తల తిప్పకుండానే, "మమ్మీ, ఇది అవ్వకు నచ్చేది గాదు. ఉరికే ఆట," అన్నాడు. ఇద్దరం నవ్వాం.

అవ్వ అంటే మా అత్తమ్మ, నా భర్తను కన్న తల్లి. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. చేవెళ్ళలో మా వీధివాళ్ళందరికీ "డోలక్ అవ్వ" అంటేనే ఆమె గుర్తు. కోడలిగా వచ్చిన ఏడాది నుంచే కోత పండుగ ఊరేగింపులో ముందు నడిచే మనిషి ఆమె. కోత పండుగంటే మా సంఘంలో క్రిస్మస్ తర్వాత క్రిస్మస్ అంతటిది. పొలంలో పండిన దాంట్లో మొదటిది గంపల్లో నెత్తిన పెట్టుకుని, టమాటలు, క్యారెట్, కొత్తిమీర, బంతిపూలు, ఒక్కోసారి కాళ్ళు కట్టిన కోడిపుంజు, పాటలు పాడుకుంటూ మా చర్చి గుడి దాకా నడుస్తారు ఆడవాళ్ళు. అందరికంటే ముందు మెడలో డోలక్ వేసుకుని మా అత్తమ్మ. ఆమె దెబ్బ పడితేనే అడుగు పడేది. వెనకవాళ్ళు ఆయాసపడుతున్నా ఆమెకు పట్టేది కాదు. "దేవుని పనికి పొయ్యేటప్పుడు ఈడ్సుకుంట నడుస్తరా?" అని తిరిగి చూసి గదమాయించేది.

అటువంటి మనిషికి ఒక వానాకాలం మొదట్లో కుడి పక్క పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి కాలు కొంచెం ఈడుస్తూ నడవగలిగింది, మాట తిరిగి వచ్చింది, కోపం మాత్రం ముందే వచ్చేసింది. చెయ్యే రాలేదు. కుడిచేతి వేళ్ళు పిడికిలిగా ముడుచుకుని ఉండేవి, ఒక్కొక్కటే విప్పాలి. నేను మొయినాబాద్‌లో బడి పంతులమ్మను కాబట్టి అక్కడే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆ అమ్మాయి నొక్కుకోమని రబ్బరు బంతి ఇచ్చింది. మా అత్తమ్మ దాన్ని బస్సు కిటికీలోంచి బయటికి విసిరేసింది, అదీ ఎడమచేత్తో. "నేనేమన్న సంటిపిల్లనా బంతితోటి ఆడెతందుకు?" అంది. తర్వాత స్వరం తగ్గించి, "కోత పండుగకు చెయ్యి రాకపోతే ఎట్లనే?" అని అడిగింది. పాస్టరయ్య అప్పటికే ఆటోకు స్పీకరు కట్టి రికార్డు పాటలు పెడదామని అంటున్నట్టు మాకు తెలుసు. ఆయన ఉద్దేశం మంచిదే. అందుకే ఆమె ఆయనను తిట్టలేకపోయింది. ఎవరినీ తిట్టలేని రోజు మా అత్తమ్మకు అన్నం సహించేది కాదు.

బంతి పోయాక మా అబ్బాయి తన ఆటల రిమోట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు వాడు ఇంజనీరింగ్ చివరి ఏడు చదువుతున్నాడు. వాడికి రోల్ ప్లేయింగ్ ఆటల పిచ్చి. తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే, మనం ఒక పాత్రలోకి దూరి, ఊళ్ళూ అడవులూ తిరుగుతూ, దెబ్బలు తింటూ, అనుభవం కూడబెట్టుకుంటూ బలపడే ఆటలవి. వాడు పెట్టిన మొదటి ఆటలో నలుగురు బాటసారులు ఒక వరసలో, ఎదురుగా పెద్ద రాక్షసుడు.

"గీ గుండీ ఒత్తు అవ్వా, మనోడు కొడ్తడు."

"ఒత్తకపోతే?"

"ఏం గాదు. నువ్వు ఒత్తేదాక వాడు ఆగుతడు."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా. వంతుల వారీగ ఆడేది గిట్లనే ఉంటది."

ఆమె రాక్షసుణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. "మంచోడే, పాపం," అంది.

అలా మొదలైంది. సాయంత్రాలు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె తెర ముందు కూర్చుని, ఎడమచేత్తో కుడి బొటనవేలును ఎత్తి గుండీ మీద పెట్టి, దానికి నచ్చజెబుతూ ఉండేది. వేలు కదలడానికి ఎంతసేపు పట్టినా రాక్షసుడు ఊగుతూ నిలబడేవాడు. ఆటలో ఇంకొకరి ఇంట్లోకి వెళ్ళి కుండలు పగలగొట్టి దొరికింది తీసుకోవచ్చు. అందరూ అట్లనే చేస్తారని మనవడు ఎంత చెప్పినా ఆమె వినలేదు. "అడగకుంట ఎట్ల తీసుకుంటవ్ రా?" అని గడపలోంచే పలకరించి వచ్చేసేది. దాంతో ఆమె బాటసారులు నలుగురూ కడ దాకా బీదవాళ్ళే.

ఆమెకు చెయ్యి ఆడాలని మనవడు ఒక్కో రకం ఆటా తెచ్చి చూపించాడు. గళ్ళ నేల మీద మనుషులను జరిపి యుద్ధం చేసే టాక్టికల్ రకం చూసి, "అష్టాచెమ్మ గదా," అని వెంటనే పట్టేసింది. చస్తే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సిన రకం ఒకటుంది, దాన్ని రోగ్‌లైక్ అంటారట. అందులో నాలుగుసార్లు చచ్చి, "చచ్చి లేసుడు గింత అల్కగ ఉండొద్దు బిడ్డా," అని రిమోట్ పక్కన పెట్టింది. మన మనిషిని మనమే తయారుచేసుకునే రకం ఇంకోటి. ముఖం, ముక్కు, మీసం అన్నీ మన ఇష్టం. సాయంత్రమంతా కూర్చుని ముక్కు పెంచీ మీసం దించీ చివరికి ఆమె తయారుచేసిన మనిషి అచ్చం మా మామయ్యలాగే వచ్చాడు. ఆయన పోయి అప్పటికి చాలా కాలం. ఇంక ఆయనను యుద్ధానికి పంపనంది. "బతికున్నప్పుడు జేసిన కొట్లాటలు సాలు," అని ఊరి ముంగిట నిలబెట్టేసింది. మనవడికి తలనొప్పి వచ్చింది. ఆమె మాత్రం రోజూ ఒకసారి ఆ ఆట తెరిపించి చూసి మూయించేది.

ఇన్ని రకాలు చూశాక ఆమె ఆటలను తన సొంత లెక్కలో రకరకాలుగా పంచడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఎన్ని పంటలు ఎన్నిసార్లు గంపల్లోకి ఏరిన చెయ్యి! ఏరకుండా ఉండలేదు. మనవడేమో వాడి లెక్క చెప్పాడు: కొన్నింటిని కొట్లాట తీరును బట్టి, కొన్నింటిని ఎంత లోకం తిరగనిస్తాయన్నదాన్ని బట్టి, కొన్నింటిని ఏ దేశం పద్ధతిలో చేశారన్నదాన్ని బట్టి వేరు చేస్తారని.

"గదేం లెక్క? కొన్ని టమాటలను రంగు జూసి, కొన్నింటిని ఊరు జూసి ఏరుతరా?"

"ఒక్కటే ఆట నాలుగు గంపలల్ల వడ్తది అవ్వా. ఎవరు పంచినా గంతే."

దానికి ఆమె, తనకు ఒక్క లెక్కే చాలని తేల్చింది. "నేను ఆలస్యం జేస్తే గది ఏం జేస్తది?" అన్నదే ఆ లెక్క. ఆగితే ఆగే ఆట. ఆగకపోతే ఉరికే ఆట. తెర మీద ఒక గీత నిండేదాకా మాత్రమే సమయమిచ్చి ఆ తర్వాత మీద పడేవి మధ్యలో ఉన్నాయి, వాటికి సగం ఆగే ఆట అని పేరు. మనవడు నవ్వాడు గానీ, ఆ పేర్లు మా ఇంట్లో అట్లనే నిలిచిపోయాయి. వానలు వెనకబట్టేసరికి ఆమె సగం ఆగే ఆటకు వచ్చింది. బొటనవేలు తనంతట తానే లేస్తోంది. డోలక్ దించి తుడిచిపెట్టమని నన్ను అడిగింది. ఆ రోజు నా సంతోషం నేను దాచుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పుడే తొందరపడింది. ఎక్కడెక్కడి మనుషులో ఒక్కచోట చేరి ఆడే ఆన్‌లైన్ ఆట పెట్టమంది. ఐదుగురి గుంపులో ఆమె ఒకతి. మా సంఘంలో ఏ కూడికైనా వందనాలతోనే మొదలవుతుంది, మనిషి మనిషికీ చేతులు జోడించి వందనాలు చెప్పనిదే ఎవరూ కూర్చోరు. ఆమె అక్కడా అదే చేసింది. గుంపు గుహలోకి పరుగెత్తుతుంటే, "ఆగు, ఒక్కొక్కలకు వందనాలని రాయి," అని మనవడి చేత టైపు చేయించింది. ఇద్దరికి రాసేసరికి లోపల యుద్ధం మొదలైపోయింది. వాళ్ళు ఓడిపోయారు. నలుగురూ ఒక్క మాట లేకుండా ఆమెను గుంపులోంచి తీసేసి వెళ్ళిపోయారు. తెర మీద ఆమె బొమ్మ గుహ బయట ఒక్కతే చేతులు జోడించి నిలబడి ఉంది.

"నన్ను ఇడిసిపెట్టి పోయిన్రు," అంది.

"వాళ్ళు గట్లనే ఉంటరు అవ్వా. ఫికర్ జెయ్యకు."

"వాళ్ళదేం తప్పు లేదురా. ఉరికేటోళ్ళు ఉరకాలె గదా," అని రిమోట్ మనవడికి ఇచ్చేసింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. పాస్టరయ్యకు నా భర్త చేత కబురు పంపింది, ఆటోకు స్పీకరు కట్టించుకోమని. డోలక్ మీద మళ్ళీ గుడ్డ కప్పాను.

కోత పండుగ పొద్దున నేను గంపలో టమాటలు సర్దుతుంటే, వీధి చివరి పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఊరేగింపులో పాట ఎత్తుకునేది ఆమె. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఏమీ అడగకుండా డోలక్ తీసి మా అత్తమ్మ మెడలో వేసింది. "చెయ్యి రాదే," అంది మా అత్తమ్మ. "రాకపోతే రాకపాయె, మెడ ఉన్నది గదా. నడువు," అంది పెద్దమ్మ.

వీధిలో ఆడవాళ్ళంతా గంపలతో నిలబడి ఉన్నారు. వెనకాల స్పీకరు కట్టిన ఆటో కూడా ఉంది. పెద్దమ్మ ఎప్పటి జోరులోనే పాట ఎత్తుకుంది. మా అత్తమ్మ ఎడమచెయ్యి పడింది, కుడిచెయ్యి లేచేసరికి పాట దాటిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ దాటిపోయింది. ఆమె చెయ్యి దించేసి పక్కకు జరగబోయింది. ఆటో అబ్బాయి స్పీకరు మీట మీద చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ పాట ఆపి, వెనక్కి తిరిగి వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు చెయ్యి తీసేశాడు. పెద్దమ్మ ఇక పాడలేదు, అడుగూ వెయ్యలేదు. ఆమె వెనక ఎవరూ కదల్లేదు. నెత్తిన గంపలు, గంపల కింద మెడలు నొప్పి పెడుతుంటాయని నాకు తెలుసు, నాకూ పెడుతోంది. ఎవరో కోడిపుంజును చంక మార్చుకున్నారు. మా అత్తమ్మ తన చేతినే చూసుకుంటూ నిలబడింది. కుడిచెయ్యి మెల్లగా లేచి, తోలు మీద పడింది. చిన్న దెబ్బ. దానికి పెద్దమ్మ ఒక్క మాట పాడింది. అందరం ఒక్క అడుగు వేసి ఆగాం. మళ్ళీ దెబ్బ, మళ్ళీ మాట, మళ్ళీ అడుగు. వెనక శంకర్‌పల్లి పోయే బండ్లు హారన్లు కొట్టాయి. కొత్తిమీర వాడిపోయింది. మేం గుడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, ఆరాధన ఇంకా మొదలుపెట్టకుండా పాస్టరయ్య గుడి మెట్ల మీదే చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. నా పక్కన కొబ్బరిగెల మోస్తున్న మా అబ్బాయి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, నా భుజానికి ముఖం ఆనించి, "మమ్మీ, ఆగే ఆట," అన్నాడు.

ఇప్పుడు మెట్లెక్కుతుంటే నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నిన్న సాయంత్రం మొయినాబాద్‌లో బస్సెక్కబోతూ మధ్యలో నిలబడిపోతే, వెనకున్న అమ్మాయి తోయకుండా నా బ్యాగు పట్టుకుని ఊరుకుంది. ఆమెకు చేతులెత్తి వందనాలు చెబితే వింతగా చూసింది. కాలం ఎప్పుడూ ఉరికే ఆటే. ఆగేది మనుషులే.