మా బావ వీపు ఆనించిన కమ్మీ

మా అక్క పెనిమిటి, మా బావ, పోయిన సోమవారం మనల్ని విడిచాడు. సాతంరాయి ఊళ్లోని వెల్డింగు షెడ్డులో తాను కట్టిన ఇనుప మంచె మీదినుంచే పడ్డాడు. దవాఖానకు చేరేలోపే ఊపిరి పోయింది. "తాగి ఎక్కిండు" అని షెడ్డు సేటు ఊరంతా చెబుతున్నాడు. అబద్ధ సాక్ష్యం పలకొద్దని దేవుడు రాతి పలక మీద రాసిచ్చింది ఇలాంటి నోళ్ల కోసమే.

వైమానిక దళం కుర్రాళ్లు నడపడం నేర్చుకునే విమానాలకు మరమ్మతు చేసేటప్పుడు మెకానిక్కులు నిలబడే చక్రాల మంచెలు ఆయన చేసేవి. షెడ్డులో స్టాండంటారు. జొన్నచేలో పెరిగిన ఆయనకు మాత్రం అది మంచే. ప్రతి మంచె షెడ్డు దాటే ముందు టిఫిన్ డబ్బాతో పైకెక్కి, పడకుండా చుట్టూ బిగించిన కమ్మీకి వీపు ఆనించి అన్నం తినేవాడు. "నా పెయ్యిని ఆపిన కమ్మీ ఎవ్వల్నైనా ఆపుతది" అనేవాడు. ఆయన ఒళ్లు తక్కువ బరువేం కాదు.

మిద్దె కట్టినవాడు చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పడినవాడి నెత్తురు ఆ ఇంటి మీదే ఉంటుందనీ లేఖనంలో ఉంది. బావకు ఒకసారి చదివి వినిపించాను.

"గది రాసినోడు మేస్త్రీయే అయ్యుంటడు బామ్మర్దీ! నీ ప్రార్థనకైతే రాను గని, గా మాట మల్లోసారి సదువు" అన్నాడు. మామిడి తొక్కు చప్పరిస్తూ విన్నాడు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. వెల్డింగు పూర్తయ్యాకే పసుపు రంగు. రంగు పడిందంటే పని అయిందనే. సోమవారం ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వస్తున్నారని, ఆదివారం, బావ లేనప్పుడు, సేటు రంగు కొట్టించాడు. ఒకవైపు కమ్మీ ఇంకా తాత్కాలికంగా అతికే చుక్క వెల్డింగు మీదే నిలబడి ఉంది. ఈ సంగతి చెప్పింది రంగు వేసినతనే, శవం దగ్గర తల బాదుకుంటూ. మర్నాడు బావ రంగు చూశాడు, మిగిలిన వెల్డింగు తోటివాళ్లు ముగించారని నమ్మాడు, డబ్బా విప్పి వీపు ఆనించాడు.

పూలదండతో వచ్చిన సేటును గుమ్మంలోనే ఆపాను. "మా బావ తాగంగ ఎన్నడు చూసినవ్ సేటూ?"

"ఊకో అన్నా, పోయినోడు పోయిండు. ఇంటామెకు ఏదన్న చేస్త."

మా అక్క లేచింది. "నాకేం జెయ్యకు. తాగలేదని చెప్పు. గదే నోటితోని, గదే షెడ్డుల."

సేటు దండను గోడకు తగిలించి పోయాడు. తాగలేదన్న మాట ఇంతవరకూ చెప్పలేదు. ప్రార్థనకు కూడిన అన్నలారా, అక్కలారా, సొంత అన్న చంపిన హేబెలు నెత్తురు నేలలోంచి మొరపెట్టింది. ఈ నెత్తురు ఇనుములోంచి మొరపెడుతోంది. ఎన్నాళ్లు చెవులు మూసుకుంటాడో చూస్తాను.

నిన్న షెడ్డుకు పోయాను. అమ్మకానికి సిద్ధమైన మంచెలన్నిటికీ అతుకుల దగ్గర రంగు గీకేసి ఉంది. పనివాళ్లే గీకారు. సేటు అరుస్తున్నాడు, ఎవరూ తల తిప్పలేదు. పసుపు నడుమ వెల్డింగు తెల్లగా మెరుస్తోంది. ఒక మంచె పైన, ఆ రంగు వేసినతను తన డబ్బా విప్పి, మెల్లగా, భయపడుతూ, కమ్మీకి వీపు ఆనించాడు.