గున్నమ్మ ఇంటి ఇత్తడి తాళం

గుడారి ఊరి వడ్రంగి ఎర్రయ్యకి ఒక జబ్బుంది. ఏ వస్తువు చేతికి వచ్చినా దాని పొట్ట విప్పి చూడందే వదలడు. బళ్ళో గోడగడియారానికి మేకు కొట్టమని పిలిస్తే గడియారాన్నే విప్పేశాడు. మళ్ళీ బిగించాక అది నడిచింది కానీ గంటలు కొట్టడం మానేసింది. "టైము సెప్తంది కదా, అరుపులెందుకు దానికి?" అని మాస్టారికే నచ్చజెప్పి వచ్చాడు. అలాంటి మనిషి చేతికి, డెబ్భై నాలుగు తొలకరిలో, గున్నమ్మ ఒక కొత్త తాళం తెచ్చి పెట్టింది. ఇంకేముంది మరి!

మనిషి మాత్రం పనిమంతుడు. తండ్రి పాలకొండ వైపు నుంచి ఉలి సంచీ భుజాన వేసుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఎర్రయ్య పుట్టింది ఇక్కడే. కొండ మీది వాళ్ళకి నాగళ్ళు, కింది వాళ్ళకి మంచాలు, అందరికీ తలుపులు. గుడారిలో సగం తలుపులు అతని చేతివే. గున్నమ్మ ఇంటి రెండు రెక్కల టేకు తలుపు కూడా అతనిదే.

"రేపు పొద్దున్న బస్సుకి ఎల్లిపోవాలి ఎర్రయ్యా. సాయంత్రంలోగా బిగించేయాలి" అంది గున్నమ్మ. మాట చెబుతూనే ఆమె తెరిచి ఉన్న తలుపు వైపు రెండుసార్లు చూసింది.

ఎందుకు చూడదు! ఆ ఇంటికి పదిహేనో ఏట కాపురానికి వచ్చింది. ముప్పై ఐదేళ్ళయింది. ఇంట్లో మనిషి లేకుండా తలుపు మూయకూడదని అత్త అప్పలకొండమ్మ కట్టడి. ఇంటికి తాళం పడిందంటే ఆ వైపు అర్థమే వేరు. వంశం పోయిందనో, ఊరు విడిచి పోయారనో అనుకుంటారు. అందుకని పెళ్ళికైనా జాతరకైనా అందరూ బండెక్కితే కోడలు గుమ్మంలో నిలబడి సాగనంపేది. అత్త పోయి ఏడాదైనా కట్టడి మాత్రం పోలేదు. కూతురు రామతులసిని మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో పనిచేసే కుర్రాడికిచ్చి ఆరేళ్ళయింది. కూతురు కాపురం చేసే క్వార్టరు గున్నమ్మ ఇంతవరకూ కళ్ళ చూడలేదు. మొదటి పురుడు పుట్టింట్లోనే జరిగింది. ఈ రెండో పురుడుకి కొండ మలుపుల ఘాటీ రోడ్డు మీద ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. నెలలు నిండాయి. అమ్మ రావాలని పిల్ల కబురు మీద కబురు.

మరి ఇంట్లో ఎవరుంటారు? భర్త మన్మథరావుకి దుక్కి రోజులు. మగవాడు పగటిపూట ఇంట్లో కూర్చోవడమనే ఆలోచన ఆయనకీ రాలేదు, గున్నమ్మకీ రాలేదు. దారి చూపింది కూతురే. అల్లుడితో పనిచేసే చంద్రశేఖరం సెలవు మీద గుడారి వస్తుంటే అతని చేత ఈ తాళం పంపించింది. రేపు అతను తిరిగి వెళ్తున్నాడు. గున్నమ్మకి ఆ తోడు తప్పితే మరో తోడు లేదు.

"మా ఆయన ఒక్కటే మాటన్నారు. గుమ్మానికి తాళంకప్ప ఏలాడకూడదట" అంది గున్నమ్మ.

"ఇది ఏలాడదమ్మా. అతుక్కునుంటాది" అన్నాడు ఎర్రయ్య.

ఆమె కూతురికి పిండివంటలు చేసుకోవడానికి వంటింట్లోకి పోయింది. ఎర్రయ్య అరుగు మీద చతికిలబడి తాళాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇత్తడి పెట్టె, అరచేతిలో పట్టేంత. ఒక వైపు తాళంచెవి దూరే కన్నం. రెండో వైపు చేత్తో తిప్పే గుండ్రటి పిడి. పక్కనుంచి వాలుగా చెక్కిన నాలిక ఒకటి బయటికొచ్చి, వేలితో నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్ళీ వస్తోంది. ఎర్రయ్య దాన్ని నొక్కాడు, వదిలాడు. పాతిక సార్లు నొక్కి ఉంటాడు. ఎవరు తోస్తున్నారు దీన్ని లోపలినుంచి? ఇక ఆగలేకపోయాడు. నాలుగు మరమేకులూ విప్పేశాడు.

టక్కుమని స్ప్రింగు ఎగిరి ధాన్యం బస్తాల వెనక్కి పోయింది. గంటసేపు మోకాళ్ళ మీద వెతికాడు. దొరికింది. తలుపు దగ్గర పెట్టి చూసుకుంటే నాలిక వాలు ఎదురు తిరిగి ఉంది. తలుపు మూస్తే రెండో రెక్కకి తన్నుతుంది తప్ప జారి దూరదు. "పట్నం వాళ్ళకి ఏటి తెలుసు" అనుకుని నాలికని తిరగేసి బిగించాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి తాళమంటే తలుపుకి బయటి వైపే. గొళ్ళెం బయటే, కప్పా బయటే. అలాగే ఈ పెట్టెనీ కుడి రెక్కకి బయటి వైపు పిడి ఊరివాళ్ళకి కనబడేలా అందంగా అమర్చాడు. తాళంచెవికి లోపలి వైపు కన్నం తొలిచాడు. లోపల నిలబడి చెవి తిప్పాడు, నాలిక కదిలింది. బయట నిలబడి పిడి తిప్పాడు, తలుపు తెరుచుకుంది. ఆహా అనుకున్నాడు. గున్నమ్మ చూసి, ఇంత మెరుపేమిటని పైట చెంగుతో ఒకసారి తుడిచి, చెవిని అదే చెంగున ముడేసుకుంది.

తెల్లారింది. గున్నమ్మ ఉతికిన చీర కట్టి, మూట చంకన పెట్టుకుని బయటికొచ్చింది. తన పని చూసుకుందామని ఎర్రయ్య ముందే వచ్చి కూర్చున్నాడు. మన్మథరావు ఎద్దుల్ని అరకకి కడుతున్నాడు. గున్నమ్మ రెక్కలు దగ్గరికి లాగింది. టక్కుమని పడింది. చెంగు ముడి విప్పి చెవి తీసి, అది దూరే కన్నం కోసం వెతికింది.

"ఎర్రయ్యా, దీన్ని ఎక్కడ పెట్టాలి?"

ఎర్రయ్య లేచొచ్చి తలుపంతా తడిమాడు. గున్నమ్మ పిడి పట్టుకుని తిప్పింది. తలుపు నిక్షేపంగా తెరుచుకుంది. మళ్ళీ మూసింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ తెరుచుకుంది. దారే పోయేవాడెవడైనా చేత్తో తీసుకుని లోపలికి పోవచ్చు. లోపలున్నవాళ్ళు బయటికి రావాలంటే మాత్రం తాళంచెవి కావాలి.

"తిరగేసి పెట్టేసినానమ్మా" అన్నాడు ఎర్రయ్య. సిగ్గుతో చచ్చిపోయాడు. "విప్పి, నాలిక మార్చి, మళ్ళీ కన్నాలు కొట్టాలి. మద్దేన్నం అవుతాది."

బజారు వైపు నుంచి బస్సు హారన్ వినిపించింది. చంద్రశేఖరం సందు మొదట్లో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. గున్నమ్మ ఏడవలేదు, ఎర్రయ్యని తిట్టనూ లేదు. అలవాటైన పనిలా చెవిని మళ్ళీ చెంగున ముడేసుకుని, మూటని గడప లోపల దించి తానూ లోపలికి పోబోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఎర్రయ్యకి అనిపించింది.

మన్మథరావు అరక వదిలేసి వచ్చాడు. ఆమె దించిన మూట తీసి ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వెందుకు లోపలికి? నానున్నాను కదా. ఎల్లు."

"నువ్వా? ఇంట్లోనా?" అంది గున్నమ్మ. ముప్పై ఐదేళ్ళలో అంత ఆశ్చర్యపోయింది లేదు. "దుక్కో?"

"దుక్కి ఎక్కడికీ పోదు. పిల్ల నొప్పులాగవు. ఎల్లు సెప్తంటే!"

ఆయన గడప దాటి లోపలికి పోయి, ఆమె మళ్ళీ రాకుండా తలుపు తోసేశాడు. టక్కుమని పడింది. గున్నమ్మ ఒక్క క్షణం ఆ తలుపు వైపు చూసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని సందు చివరికి పరుగులాంటి నడక పెట్టింది. చెంగు చివర తాళంచెవి ఊగుతోంది. ఎర్రయ్యకి అప్పుడు తట్టింది.

"బావూ, సెవి అమ్మ పట్టుకుపోయింది. నీకు లోపల్నుంచి రాదు. తియ్యమంటావా?"

లోపలినుంచి పిడికిలితో తలుపుని రెండుసార్లు తట్టిన చప్పుడు. తలుపు అవతల ఆయన ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలని ఎర్రయ్యకి ప్రాణం లాగేసింది. చెవి ఆనించి విన్నాడు. మనిషి ఊపిరి మాత్రం వినిపించింది.

"తియ్యకు" అన్నాడు మన్మథరావు, మెల్లగా. "అరిసేవా, సెవి ఇవ్వడానికి ఎనక్కొచ్చేస్తాది. బస్సెక్కనీ."

ఎర్రయ్య పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. బజారులో బస్సు తలుపు మూసిన చప్పుడు, కండక్టరు ఈల, ఇంజను మూలుగు వినిపించాయి. ఆ మోత రాయగడ రోడ్డు మీద దూరమైపోయింది.

"ఎల్లిందేటి?"

"ఎల్లింది బావూ. తియ్యనా?"

"ఉండరా." లోపల ఆయన తలుపుకి ఆనుకుని కూలబడ్డట్టున్నాడు, గొంతు కిందినుంచి వచ్చింది. "ఎర్రయ్యా, ఇన్నేళ్ళూ లోపలున్న దానికి ఎవులు తీసేర్రా ఈ తలుపు?"