శని కాదు సార్, పసి నక్షత్రం

ఆ రోజుల్లో నాకు అనుభవం తక్కువ, పంతం ఎక్కువ. (ఇప్పుడు అనుభవం పెరిగిందని చెప్పను గానీ, పంతం తగ్గిన మాట నిజం.) తొంభైలు ముగుస్తున్న కాలంలో ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. మా ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. నంద్యాలలో జరిగే సైన్సు ప్రదర్శనలో టీచర్లకూ పోటీ ఉంటుందని తెలిసి మా కరస్పాండెంటు నన్ను పిలిచాడు. "ప్రైజు తెస్తే వచ్చే ఏడు గూడా ఈడనే ఉంటావ్. ల్యాకుంటే యాడన్నా సూసుకో తల్లీ" అన్నాడు.

అందరూ చేసే అగ్నిపర్వతం చేసి ఉంటే పీడా పోయేది. నేను లైబ్రరీలో పాత పత్రికలో చదివిన పసి నక్షత్రం మీద మనసు పడ్డాను. అప్పుడే పుడుతున్న నక్షత్రం చుట్టూ వాయువూ ధూళీ పళ్లెంలా తిరుగుతుంటాయట. అందులో కొంత నక్షత్రం మీద పడుతుంది, కొంత పైకీ కిందికీ చిమ్ముకుపోతుంది, మిగిలినదాంట్లో గ్రహాలు కడతాయి. ఆ ధూళి అడ్డం కాబట్టి మామూలు దుర్భిణికి బిడ్డ కనబడదు, వేడిని పట్టే దుర్భిణి కావాలి. నివురు కింది నిప్పు కంటికి ఆనకపోయినా చేతికి సెగ తగులుతుంది కదా, అట్లా. అట్టముక్కలతో చేయవచ్చు గానీ, శిల్పులున్న ఊళ్లో ఉండి అట్టముక్కలేమిటని పెద్ద శిల్పి తాత దగ్గరికి పోయాను. ఆయన దేవుళ్లను తప్ప వేరే చెక్కి ఎరగడు. "పసిబిడ్డంటావ్, మొగం వద్దంటావ్! ఏందమ్మా ఇది?" అని గొణిగాడు. "ఇంగా పుడతాంది తాతా" అన్నాను. నల్లరాతిలో గుండు, చుట్టూ పళ్లెం, పైనా కిందా రెండు మొనలు తీర్చి, అలవాటు కొద్దీ నూనె రుద్ది నిగనిగలాడించి ఇచ్చాడు.

ప్రదర్శన శనివారం వచ్చింది. నల్లరాయి, చుట్టూ వలయం, పైగా నూనె! ముందు అటెండరు చెప్పులు విడిచి దండం పెట్టాడు. భోజనాల వేళకు నా నక్షత్రానికి నువ్వుల నూనె, నల్లగుడ్డ, గుప్పెడు నువ్వులు అందాయి. శనికి మొక్కినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు గదా, అందువల్ల నా చార్టు ఒక్కరూ చదవలేదు.

జడ్జిగారు వచ్చి మెచ్చుకున్నారు. "శనిగ్రహం బాగా చేసినావమ్మా. చార్టు మీద ఆ పేరు రాయి, ఫస్టు ప్రైజు నీదే."

"శని కాదు సార్, పుడతాండే నక్షత్రం."

కరస్పాండెంటు నా చెవిలో, "రాయమ్మా, నీదేం పోతాది?" అని పళ్లు కొరికాడు.

"నక్షత్రం పుట్టేది నువ్వు చూసినావా?" అన్నారు జడ్జిగారు.

"చూసినోళ్లు రాసింది చదివినా సార్. మీరు చదవల్యా."

ప్రైజు అగ్నిపర్వతానికి పోయింది. సోమవారానికి నా క్లాసులు ఇంకొకరికి పోయాయి. తాతతో చెబితే, "చెక్కినోన్ని నాకు తెల్దా అది శని కాదని? మంచిపని జేసినావ్" అన్నాడు. నాకు ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది. మళ్లీ ఉద్యోగం దొరికే దాకా ఆరు నెలలు ఇంట్లో తిట్లు తిన్నాను గానీ, రాసి ఉంటే బాగుండేదని ఒక్కనాడూ అనుకోలేదు.

మొన్న తనిఖీకి వచ్చిన అధికారి నా క్లాసులో పిల్లలకు చంద్రగ్రహణం అమావాస్య నాడు వస్తుందని చెప్పాడు. నేను తల ఊపి, టీ తెప్పించాను. ఆయన జీపు గేటు దాటాక తలుపు దగ్గరకు వేసి, "పౌర్ణమికి" అని పిల్లలతో మూడుసార్లు గట్టిగా చెప్పించాను. శని అని రాయనన్న అప్పటి ఆ పిల్ల నాలో ఉండి ఉంటే, ఆయన ఎదుటే చెప్పించేది.