మధ్యాహ్నం మాత్రమే పనిచేసే డ్రైవర్

ఆ రోజుల్లో ఇంటర్నెట్ చప్పుడు చేసుకుంటూ వచ్చేది. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఫోన్ తీగని అరచేతి వెడల్పు నల్లపెట్టెకి తగిలిస్తే అది ముందు కీచుమని, తర్వాత బుసకొట్టి, ఆ పైన గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు కాసేపు గరగరలాడి, దయ కలిగితే కలిసేది, లేకపోతే లేదు. ఆ పెట్టె పేరు మోడెం. అది కంప్యూటర్‌తో మాట్లాడాలంటే లోపల డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండాలి. ఈ రెండు ముక్కలూ తెలిసినవాణ్ణి మా వైపు ఇంజనీరు అనేవాళ్ళు. నాకు సరిగ్గా ఆ రెండు ముక్కలే తెలుసు. (మూడోది కూడా ఒకటి ఉంటుందని అప్పట్లో ఎవరైనా అంటే కొట్లాటకి పోయేవాణ్ణి.)

నెల్లూరులో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇంటికి వెళ్తే మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెట్టుకోని ఏం చేస్తావురా? మడికి నీళ్ళు కట్టేదానికి రా" అన్నాడు. పొలం అంటే నాకు గౌరవమే గానీ, అది గట్టు మీద నిలబడి చూసే రకం గౌరవం. అందుకని మా మేనమామని పట్టుకున్నాను. మామకి విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీ ఉండేది. తల్లి రొయ్యలు తొట్లలో గుడ్లు పెడితే, ఆ పిల్లల్ని సాకి చెరువుల వాళ్ళకి అమ్మడం అక్కడ పని. ఆ తల్లి రొయ్యలు అండమాన్ నుంచి విమానంలో చెన్నైకి వచ్చేవి. ఏ విమానానికి వస్తున్నాయో ఆ పొద్దున్నే చెబుతారు. వెంటనే వ్యాను బయల్దేరకపోతే మహారాణుల్లా దిగాల్సినవి శవాలై దిగుతాయి. చెప్పడానికి ఫోన్ ఉంది గానీ ఆ ఫోన్‌లో సగం మాటలు వినపడవు, గరగరమని ఒకటే రొద. "అది సముద్రం హోరురా, ఒడ్డున ఉండే ఫోన్లన్నిట్లో అంతే" అని మామ నమ్మకం. ఆ ఊళ్ళో అందరి నమ్మకమూ అదే. సముద్రం తీగలోకి ఎట్లా దూరుతుందని అడిగినవాడు లేడు. సర్టిఫికెట్ ఉన్న నేను కూడా అడగలేదు.

చివరికి రొయ్యలు పంపే ఆయన విసుగెత్తి, ఇకమీదట ఈమెయిల్ తప్ప ఇంకేం పంపనన్నాడు. మామ కంప్యూటరూ మోడెమూ కొన్నాడు, నన్ను పెట్టుకున్నాడు. "నెల చూస్తానబ్బయా. మెయిల్ వచ్చిందా, ఉంటావు. రాలేదా, మీ నాయన కాడికి పోతావు. అల్లుడివని చూసేది లేదు" అన్నాడు. మా అమ్మ వైపు వాళ్ళు మాట మీద నిలబడే మనుషులు, అదే భయం నాకు.

మొదటిరోజు పొద్దున తొమ్మిదికి మోడెం పెట్టాను. కీచుమంది, బుసకొట్టింది, పడిపోయింది. ఇరవైసార్లు ప్రయత్నించినా ఇరవైసార్లూ పడిపోయింది. కోర్సులో మా సారు చెప్పిన ఒకే ఒక్క వాక్యం గుర్తుకొచ్చింది: ఏది పనిచేయకపోయినా ముందు డ్రైవర్ అప్‌డేట్ చెయ్యాలి. సరే, కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్నెట్‌లో. ఇంటర్నెట్ ఎట్లా వస్తుంది? మోడెం పనిచేస్తే. (ఇందులో ఉన్న చిక్కు మామకి వివరించబోతే, "నాకు చెప్పబాకు, పోయి తెచ్చుకో" అన్నాడు.) బస్సెక్కి నెల్లూరు వెళ్ళి, నెట్ సెంటర్ నడిపే అన్న దగ్గర కూర్చుంటే, డ్రైవర్ ఒక ఫ్లాపీలో పట్టలేదు. రెండు ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లో ఎక్కించి, ఎండకి చెడిపోతాయేమోనని చొక్కాలోపల పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చి వేశాను. మోడెం కీచుమంది, బుసకొట్టింది, కలిసింది! మామ పరుగెత్తుకొచ్చి తెర మీద తన పేరుతో వచ్చిన ఉత్తరం చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మావాడు ఇంజనీరురా!" అని తొట్ల దగ్గర పనివాళ్ళందరికీ వినపడేలా అరిచాడు. ఆ మధ్యాహ్నం నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి మళ్ళీ పడిపోయింది. మళ్ళీ బస్సు, మళ్ళీ ఇంకాస్త కొత్త డ్రైవరు, మళ్ళీ మూడింటికి విజయం. ఇట్లా మొత్తం ఐదుసార్లు తిరిగాను. తెచ్చిన ప్రతి డ్రైవరూ తెచ్చిన పూట బ్రహ్మాండంగా పనిచేసేది, తెల్లారేసరికి చచ్చేది. కొత్తవి అయిపోయాక నెట్ సెంటర్ అన్న, "పాతది వేసి చూడన్నా, పాతదాంట్లో బలం ఉండాది" అని పాతవి ఇవ్వడం మొదలుపెట్టాడు. చిత్రమేమిటంటే అవీ మూడింటికి పనిచేశాయి. నేను ఒక నోటుబుక్కు పెట్టి, ఏ డ్రైవర్ ఎన్ని గంటలు బతికిందో రాసుకుంటూ, సముద్రపు గాలికి డ్రైవర్లు రాత్రికి రాత్రే పాడైపోతాయనే సిద్ధాంతం ఒకటి తయారుచేశాను. మామకి అది బాగా నచ్చింది. తొట్లో పిల్లలు డీలాపడితే ఆయన చేసే వైద్యం కూడా ఒకటే, నీళ్ళు మార్చడం. జబ్బేమిటో చూసేవాడు కాదు. ఆయన నీళ్ళు మార్చేవాడు, నేను డ్రైవర్ మార్చేవాణ్ణి. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

మా ఇద్దరి పాండిత్యాన్నీ లెక్కచేయని మనిషి అక్కడ ఒక్కతే, అవ్వ. పక్కనున్న జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి వచ్చి పనివాళ్ళకి వండిపెట్టేది. నేను ఓడిపోయి పెరట్లోకి వెళ్తే, ఉప్పునీళ్ళలోంచి తీసిన చేపల్ని ఆరేసుకుంటూనే, "ఏమబ్బయా, నీ పెట్టె ఇయాలైనా నోరు తెరిచిందా?" అని అడిగేది. లేదంటే జాలిపడి, పులుసులో ఇంకో ముక్క ఎక్కువ వేసేది. ఆ నెలలో నా ఒళ్ళు చూసినవాళ్ళు నా కష్టాలు నమ్మలేదు.

గడువులో చివరి వారం ఒకరోజు పొద్దున్నే మామ వచ్చాడు. తల్లి రొయ్యలు ఆ రోజే దిగుతాయట, పదిలోగా మెయిల్ వస్తుందట, వ్యాను గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. "బస్సులు ఎక్కే పని లేదు. ఇప్పుడు రావాల" అన్నాడు. రొయ్యలు పంపే ఆయన్ని ఫోన్‌లో అడుగుదామని చూస్తే సముద్రం ఎప్పటికంటే గట్టిగా హోరెత్తుతోంది. మోడెం పడిపోయింది. పాత డ్రైవర్ వేశాను, పడిపోయింది. అంతకంటే పాతది వేశాను, అదీ పడిపోయింది. తొమ్మిదిన్నర దాటేసరికి నా కళ్ళముందు మా నాయన పారతో నిలబడి కనిపించాడు. నిజంగానే ఏడుపొచ్చింది. ఇంతలో ఆకాశం మబ్బుపట్టింది. ఏమీ మార్చకుండా, ఓపిక లేక, ఊరికే మరోసారి నొక్కాను. కీచుమంది, బుసకొట్టింది, మంచినీళ్ళు తాగినంత హాయిగా కలిసిపోయింది. మెయిల్ వచ్చింది. విమానం వివరాలు కాగితం మీద రాసి మామ చేతిలో పెట్టాను, వ్యాను దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

ఏ డ్రైవరూ మార్చలేదే, పొద్దున్నే ఎట్లా కలిసింది? ఆలోచిస్తూ పెరట్లోకి వెళ్ళాను. అవ్వ వాన భయంతో ఆరేసిన చేపలన్నీ గబగబా గంపలోకి తీస్తోంది. తీస్తున్నది తాడు మీద నుంచి కాదు. రెండు సరుగుడు గుంజల మధ్య కిందికి జారి వేలాడుతున్న మా టెలిఫోన్ తీగ మీద నుంచి! కుక్కలకి అందని ఎత్తు, రిబ్బనులాంటి బారెడు చేప రెండుగా మడిచి వేసుకోవడానికి చక్కని వీలు. నడిమధ్యలో తీగకి అతుకు ఉంది, దాని మీద చుట్టిన పట్టీ ఎప్పుడో ఊడిపోయింది. రోజూ తెల్లారి ఉప్పునీళ్ళు ఓడుతున్న చేపలు సరిగ్గా దాని మీదే ఎక్కేవి, మధ్యాహ్నం మూడింటికి ఆరి దిగేవి. నేను మళ్ళీ లోపలికి పోయి మోడెం కలిపి, బయటికి పరుగెత్తుకొచ్చి, "అవ్వా, ఒక్క చేప మళ్ళా ఆ అతుకు మీద వెయ్యి" అన్నాను.

"వానొచ్చేట్టుంటే ఎయ్యమంటావేందబ్బయా? పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"ఒక్కటే అవ్వా. తడిది."

వేసింది. లోపల మోడెం చచ్చింది. నా ఐదు ప్రయాణాలు, పది ఫ్లాపీలు, నోటుబుక్కు, సిద్ధాంతం అన్నీ ఒక్క ఉప్పుచేప కింద పడి చచ్చాయి. మా ఫోన్‌లో మేమంతా ఇన్నాళ్ళూ సముద్రమని చెవి పెట్టి విన్నది అవ్వ చేపల్ని.

వ్యానుని పంపేసిన మామ వెనక నుంచి వచ్చి, "ఏం చేసి తెప్పించినావురా మెయిలు?" అన్నాడు. నేను గంప వైపు చూడకుండా, "డ్రైవర్ అప్‌డేట్ చేసినా మామా" అన్నాను. అవ్వ నా మొహం ఒకసారి చూసి, గంప ఎత్తుకుని పొయ్యి వైపు పోయింది. ఆ సాయంత్రమే అతుకుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, అవ్వకి వేరే చోట నైలాన్ తాడు కట్టిచ్చాను. ఉద్యోగం నిలిచింది. ఫోన్‌లో హోరు కూడా పోయింది. అందుకు మామ నా డ్రైవర్‌నే మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు. పైగా నెలకోసారి, "డ్రైవర్ పాతబడింది మామా" అని నెల్లూరు వెళ్ళి సినిమా చూసి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు నేను చెన్నైలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే పెద్ద సారుని. ఎవరు ఏ కష్టంతో ఫోన్ చేసినా గంభీరంగా, "ముందు డ్రైవర్ అప్‌డేట్ చేయండి" అంటాను. మొన్న మామే ఫోన్ చేశాడు, ఇంట్లో కొత్తగా పెట్టించిన నెట్ రావడం లేదని. అలవాటు కొద్దీ డ్రైవర్ అనబోయి, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకో సిగ్గేసింది. "మామా, తీగ మీద ఏమన్నా ఆరేసినారేమో చూడు" అన్నాను.

అవతల మామ పకపకా నవ్వాడు. "నాకు ఆ పొద్దే తెలుసురా. చేపలు దించితే పెట్టె పలికిందని అవ్వ పొయ్యికాడ చెప్పింది. పాపం బిడ్డ, వాడికి చెప్పబాకు అని కూడా చెప్పింది. నువ్వు ఏ టాకీసులో ఏ సినిమా చూసినావో కూడా తెలుసు."

"మరి నన్నెందుకు ఉంచుకున్నావు మామా?"

"చేపలు దించాలని తెలుసుకునేదానికైనా ఒకడు ఉండాల కదరా!"

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆమె చేతి పులుసు గుర్తొస్తూనే ఉంది. ఆ ఇరవై రెండేళ్ళవాడు, చొక్కాలో ఫ్లాపీలు దాచుకుని తనని లోకం నమ్మేసిందని ఛాతీ విరుచుకుని బస్సు దిగినవాడు, ఇప్పుడు ఎదురైతే నేనూ వాడికి నిజం చెప్పను.