ఇకుయో చీటీలు

నిప్పొంబాషి బజారులో వీడియో ఆటల కొట్టు నడిపే ఇకుయో నోట్లో నోరు పెట్టాలంటే ఆ వీధంతటికీ భయమే. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. కారణం ఆమె చీటీలు. వీడియో గేమ్ ఏదైనా సరే, చివరిదాకా తాను ఆడి చూశాకే అమ్మేది. అది పెట్టిన అర కింద తన చేత్తో రాసిన చీటీ అంటించేది. “మొదట్లో విసుగు. గుహ దాటాక వదలరు.” “బొమ్మలు బాగున్నాయి. అంతే.” ఆ రెండు ముక్కలూ చదివి కొనుక్కుపోయేవారు.

ఆ చలికాలం కొత్త గేమ్ యంత్రం వచ్చింది. పాతదానికంటే ఎన్నో రెట్లు బలమట. టోకు వ్యాపారి తరఫు మనిషి, త్సుజిమోతో అనే అతను, నిలువెత్తు అట్టబోర్డు మోసుకొచ్చాడు. దాని నిండా యంత్రం బలం చెప్పే అంకెలే.

“మీ చీటీలు తీసేసి ఇది పెట్టండమ్మా. ఒక్కో యంత్రంతో, దానికొచ్చిన మూడు ఆటలూ కలిపి అమ్మాలి.”

“ఆడాను. మూడూ చెత్తే.”

“యంత్రం సత్తా చూడండి. చెట్టు మీద ఆకులు కూడా వేటికవి కదులుతున్నాయి.”

“కదిలితే? ఆకులు లెక్కపెట్టుకుంటూ కూచోమంటావా జనాన్ని? పైన పటారం, లోన లొటారం. కుండలో బియ్యం లేకపోతే పొయ్యి ఎంత పెద్దదైతే ఏం లాభం?”

త్సుజిమోతో మొహంలో నవ్వు పోయింది. “ఆ మాట చీటీ మీద కనబడితే సరుకు ఆగిపోతుందమ్మా. ఇదొక్కటే కాదు, మొత్తం.”

లోపల్నించి మొగుడు యాసుజి పరుగెత్తుకొచ్చి, వంగి వంగి దండాలు పెట్టి, ఒప్పందం మీద కొట్టు ముద్ర గుద్దేశాడు. ఇకుయోకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏమయ్యా, నన్నొక్క మాట అడిగావా?”

“అడిగితే ఏమంటావో తెలుసు గనకే అడగలేదు. కొట్టు బతకాలా, వద్దా?”

బతకాలి. అందుకే పళ్లు కొరుక్కుంటూ ఊరుకుంది. కొత్త యంత్రం అమ్మకాలు మొదలైన రోజు పొద్దున్నే జనం వరస వీధి చివర నూడుల్స్ బండిదాకా సాగింది. అందరికంటే ముందు టాక్సీ నడిపే నకగాకి నిలబడ్డాడు. ఎప్పటినుంచో వచ్చే మనిషి.

“అక్కా, దీనికి చీటీ ఏదీ?” అన్నాడు అర కింద వెతుకుతూ. “సరేలే, నువ్వు అమ్ముతున్నావంటే బాగానే ఉంటుంది.”

ఆ మాటతో ఆమె ఒళ్లు భగ్గుమంది. త్సుజిమోతో మీద, మొగుడి మీద, అందరికంటే ఎక్కువగా నోరు కుట్టుకుని నిలబడ్డ తన మీద. అట్టబోర్డును వెనక్కి తిప్పి లావుపాటి కలంతో రాసి గుమ్మంలో నిలబెట్టింది. “యంత్రం బలమైనదే. ఆడుకోవడానికి ఆటే లేదు. మంచివి వేసవికి రావచ్చు, అందాకా ఆగండి.” వరసలో సగం మంది ఇళ్లకు పోయారు. నకగాకి కూడా పోయాడు.

టోకువాడు మాట తప్పలేదు. సరుకు ఆపేశాడు.

వసంతంలో పాత యంత్రానికే ఒక ఆట వచ్చింది. ముసలి పడవవాడు మనుషుల్ని ఏరు దాటించడం, అంతే కథ. దాని కోసం ఇకుయో ఏడాదిగా కాచుకుని ఉంది. ఊరంతటికీ వచ్చింది, ఆమె కొట్టుకు తప్ప. ఎదురుగా ఉన్న పెద్ద దుకాణంలో వరసలో నిలబడి తెచ్చుకుంది. చివరిదాకా ఆడి వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు ఖాళీ అర కింద చీటీ అంటించింది. “ఇది ఆడకపోతే మీకే నష్టం.”

జనం వచ్చేవారు, చదివేవారు, వీధి దాటి ఎదుటి దుకాణంలో కొనుక్కునేవారు. ఒకరోజు నకగాకి ఆ దుకాణం సంచితోనే లోపలికొచ్చాడు.

“అక్కా, నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఎంత గొప్ప ఆటో.”

“ముందు ఆ సంచి బయట పెట్టి, అప్పుడు మాట్లాడు.”

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. యాసుజి ఇక పట్టలేకపోయాడు. “మన చీటీ చదివి వాళ్ల గల్లా నింపుతున్నారే. మనం పస్తులుండి వాళ్లకు చాకిరీ చేస్తున్నాం. పీకెయ్ దాన్ని.” అంటూ తనే చెయ్యి చాపాడు.

ఇకుయో ఆ చేతి మీద ఫట్టున ఒక్కటిచ్చింది.

“వాళ్లని తిట్టు, నన్ను తిట్టు. ఆట ఏం పాపం చేసిందయ్యా?”